పెళ్ళికూతురి మీసం

సివినో పట్నం మేయరు ఎవ్లోగి చకరోవ్ గారు డిసెంబరు మొదటి సోమవారం ఉదయం పది గంటలకు మునిసిపల్ ఆఫీసు బాల్కనీలోకి వచ్చి, ఇకనుంచి ఊళ్ళోని మగవాళ్ళందరినీ తాము స్వయంగా కాపాడబోతున్నట్టు ప్రకటించారు.

కింద మంచులో నిలబడి వింటున్నవాళ్ళలో సగంమంది మగవాళ్ళే. తాము ఆపదలో ఉన్న సంగతి అప్పటిదాకా వాళ్ళకు తెలియదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్లంబరు రాద్కో జేబులు కూడా తడుముకున్నాడు.

"సోదరులారా!" అన్నారు మేయరు గారు. "సోఫియాలో మగపిల్లలు పెదాలకు రంగేసుకుని తిరుగుతున్నారు. ఈరోజు రంగు. రేపు గౌను. ఎల్లుండి ఏమిటో నేను చెప్పను. ఇక్కడ ఆడవాళ్ళున్నారు."

ఆడవాళ్ళు ఇంకాస్త ముందుకు జరిగారు.

మేయరు గారి మీసం సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. బల్గేరియా మొత్తం మీద అంత మీసం ఉన్న మేయరు మరొకరు లేరని ఆయనే చెప్పేవారు. ఎన్నికల పోస్టరులో సగం జాగా దానిదే. చాలామంది మీసానికే ఓటు వేశారు, మనిషి దాని వెంట వచ్చాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ అది పైకీ కిందకీ కదులుతూ ఆయన మాటలను బలపరిచేది.

ఆయన చదివి వినిపించిన దాని పేరు 'పురుష స్వరూప పరిరక్షణ నిబంధన'. సివినో హద్దుల్లో ఏ మగవాడూ నలుగురి ఎదుటా గౌను, లంగా, ముసుగు, సవరం ధరించరాదు. పౌడరు, కాటుక, పెదాల రంగు పూసుకోరాదు. చలికాలంలో ప్యాంటు లోపల తొడుక్కునే ఉన్ని మేజోళ్ళకు మాత్రం మినహాయింపు ఉంది. అయితే వాటి గురించి మాట్లాడుకోకూడదు.

కెరానవ్వ క్యాబేజీ సంచి రెండు చేతులా పట్టుకుని, గుంపు చివర నిలబడి అంతా విన్నది. ఆమెకు ప్రకటనలంటే భయం. ఆమె డెబ్బై రెండేళ్ళ జీవితంలో ఏ ప్రకటన వచ్చినా ఎవరో ఒకరు పెట్టె సర్దుకుని వెళ్ళిపోయారు. మొదటిదానికి అన్న పట్టాళంలోకి పోయాడు. గని మూసేసినప్పుడు వీధిలో సగం ఇళ్ళు ఖాళీ అయ్యాయి. రైలు ఆపేసినప్పుడు కూతురు దూరపు పట్నంలోనే ఉండిపోయింది. ఈసారి ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదని తేలాక ఆమెకు కాస్త ఊపిరి వచ్చింది. ఇంటికి సగం దూరం నడిచాక నడిరోడ్డు మీద ఆగిపోయింది.

గౌను, ముసుగు, సవరం, పౌడరు, పెదాల రంగు. ఇవన్నీ కలిపితే సుర్వ పండగ పెళ్ళికూతురు.

సుర్వ నాడు, అంటే జనవరి పద్నాలుగున, సివినోలో గంటల జట్టు బయల్దేరుతుంది. నడుముకు పది పది గంటలు కట్టుకుని, ఈకల ముసుగులు పెట్టుకుని, ఎలుగుబంటి వేషగాణ్ణి, పెళ్ళి చేయించే దొంగ గురువుని, పెళ్ళికొడుకుని, పెళ్ళికూతురిని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. జట్టులో అందరూ మగవాళ్ళే. పెళ్ళికూతురూ మగవాడే. ఆ వేషం కట్టినవాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడకూడదు. ఎవరు పలకరించినా తల వంచుకుని వాళ్ళ చెయ్యి ముద్దు పెట్టుకోవాలి.

ఆ ఏడాది చావు జరిగిన ఇంటికి జట్టు మొట్టమొదట వెళుతుంది. అక్కడ పెళ్ళికూతురు విధవరాలి తలమీది నల్లగుడ్డ విప్పుతుంది. ఇంకో ఆడది విప్పితే ఆ నలుపు ఆమెకు అంటుకుంటుందని భయం. మగవాడు విప్పితే పరువు తక్కువ. ఆ పెళ్ళికూతురు అటూ కాదు, ఇటూ కాదు కాబట్టి చావుకు ఎవరిని పట్టుకోవాలో తెలియక తికమకపడి వెళ్ళిపోతుందట. ఆ రోజు విప్పకపోతే ఇంకో ఏడాది నలుపే. మగవాళ్ళకు ఈ బాధ లేదు. జట్టు పెద్ద స్తామెన్ తాత, భార్య పోయినప్పుడు చొక్కా చేతికి నల్ల పీలిక నలభై రోజులు కట్టుకుని, నలభై ఒకటో రోజున దానితో సైకిలు తుడిచాడు.

కెరానవ్వ భర్త స్పాస్ మార్చిలో పోయాడు. ఇరవై రెండేళ్ళు పెళ్ళికూతురు వేషం కట్టింది ఆయనే. కెరానవ్వ పెళ్ళి గౌనునే ఇరుపక్కలా వదులు చేసుకుని వేసుకునేవాడు. ఆమే మొహానికి రంగులు వేసేది. ఇక ఫిబ్రవరి మొదటి ఆదివారం, కూతురుండే పట్నంలో, మనవరాలు జోర్నిత్స పెళ్ళి. గుమ్మంలో కొత్త జంటకు రొట్టె అందించాల్సింది అమ్మమ్మే. నల్లగుడ్డ కట్టుకున్న మనిషి పెళ్ళి రొట్టె ముట్టకూడదు.

"అమ్మమ్మా, నువ్వు రాకపోతే రొట్టె ఇంకెవరి చేతా పట్టించను. కావాలంటే రొట్టె లేకుండానే పెళ్ళి చేసుకుంటాను" అంది ఫోనులో జోర్నిత్స. ఆ మాటకు కెరానవ్వకు మూడు రోజులు నిద్ర లేదు.

ఈలోగా నిబంధన అమలు జోరుగా సాగిపోతోంది. పద్దెనిమిదేళ్ళు నిండిన మగవాళ్ళందరూ మునిసిపల్ ఆఫీసుకు వచ్చి మేయరు గారి సమక్షంలో ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టాలన్నారు. 'పుట్టుకచేతనూ అలవాటుచేతనూ మగవాడినైన నేను, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆడవారి దుస్తులు ధరించను' అని అందులో ఉంది. సంతకం పెట్టనివాడికి చలికాలపు కట్టెలు ఇవ్వరు. మూడు వందల పన్నెండు మంది మగవాళ్ళు సంతకాలు పెట్టారు. మేయరు గారు మాత్రం పెట్టలేదు. తన సమక్షంలో తానే ఉండటం చట్టరీత్యా కుదరదని మునిసిపల్ లాయరు చెప్పాడు.

చర్చి గురువు మెతోది గారిని కూడా పిలిపించారు.

"ఫాదర్, తమరు వేసుకున్నదేమిటి?" అని అడిగారు మేయరు గారు ఎంతో వినయంగా.

"అంగీ."

"పాదాల దాకా ఉంది."

"పాదాల దాకానే ఉంటుంది నాయనా. వెయ్యేళ్ళుగా అంతే పొడుగు."

"లోపల ప్యాంటు ఉందా?"

"ఉంది."

"రుజువు?"

ఫాదర్ మెతోది అంగీ అంచు పట్టుకుని, "నా మాట చాలదా, చూపించాలా?" అన్నాడు. గదిలో టైపిస్టు అమ్మాయి ఉండటం వల్ల మాట చాలునని సవరణ రాసుకున్నారు.

క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు కెరానవ్వ ధైర్యం కూడగట్టుకుని, స్తామెన్ తాతను వెంటబెట్టుకుని మేయరు గారి గదికి వెళ్ళింది. బయల్దేరేముందు తలుపు గడియ మూడుసార్లు చూసుకుంది.

"ఎవ్లోగీ," అంది. చిన్నప్పుడు అతని ముక్కు తుడిచిన మనిషి కావడం వల్ల గారు అనడం ఆమెకు నోరు తిరగదు. "పెళ్ళికూతురు లేకపోతే నా తలగుడ్డ ఎవరు విప్పుతారయ్యా? మనవరాలి పెళ్ళి ముంచుకొస్తోంది."

"అవ్వా, చట్టం ముందు అందరూ సమానమే."

"నేను సమానం కావాలనలేదు. గుడ్డ విప్పమంటున్నాను."

మేయరు గారు మీసం దువ్వుకున్నారు. "అసలు ఆడపిల్లనే పెడదాం. సమస్య తీరిపోతుంది."

స్తామెన్ తాత కుర్చీలోంచి లేచాడు. "ఆడదా? గంటల జట్టులోనా? మా తాతలు సమాధుల్లోంచి లేచొస్తారు!"

"అయితే ఎలుగుబంటిని పెళ్ళికూతురు చేద్దాం."

"ఎలుగుబంటి వేషం మా అల్లుడు. వాడికి వేరే పని ఉంది, జనం మీద దూకాలి."

"మగాడు గౌను వేయకూడదు. ఆడది జట్టులోకి రాకూడదు." మేయరు గారు కళ్ళు మూసుకున్నారు. పెద్ద పెద్ద ఆలోచనలు ఆయనకు కళ్ళు మూసుకున్నప్పుడే వస్తాయి. "పెళ్ళికూతురు ఉంటుంది. మగాడే ఉంటాడు. కానీ సూటు వేసుకుంటాడు. టై కట్టుకుంటాడు. మునిసిపాలిటీ సర్టిఫికెట్ ఇస్తుంది."

"ఏమని?"

"ఈ మనిషి పెళ్ళికూతురు అని."

స్తామెన్ తాత గోడకున్న జాతీయ జెండా వైపు చూశాడు. అక్కడినుంచి సాయం రాలేదు.

"సూటేసుకున్న పరాయి మగాడు నా తలగుడ్డ మీద చెయ్యేస్తే ఊరు ఏమంటుంది?" అంది కెరానవ్వ.

"స్టాంపు ఉంటుందవ్వా. గుండ్రటి స్టాంపు."

పైగా ఈసారి పండగకు తమ పార్టీ ఉపాధ్యక్షులు ద్రాగోతినోవ్ గారు సోఫియా నుంచి టీవీతో సహా వస్తున్నారనీ, నిబంధనను దేశమంతటా పెట్టే ఆలోచన ఉందనీ, ఊరి మర్యాద అవ్వ చేతిలోనే ఉందనీ మేయరు గారు చెప్పారు. ఇంటికొచ్చాక కెరానవ్వ తన చేతులు రెండూ తిప్పి చూసుకుంది. ఇంతవరకూ ఏ ఊరి మర్యాదా వాటిలో ఉన్నట్టు ఆమెకు తెలియదు.

జనవరి పద్నాలుగున జట్టు గంటలు మోగించుకుంటూ ముందుగా కెరానవ్వ వాకిట్లోకి వచ్చింది. టీవీవాళ్ళు అప్పటికే కంచె దగ్గర కెమెరా నిలబెట్టారు. ద్రాగోతినోవ్ గారు గొర్రెతోలు టోపీ పెట్టుకుని ముందువరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పక్కనే మేయరు గారు, ఆయన పైన మీసం.

గంటలు ఆగాయి. దొంగ గురువు జనపనార గడ్డంతో ముందుకొచ్చి, పాత టెలిఫోను డైరెక్టరీ తెరిచాడు. అతని ఎదుట ఇద్దరు నిలబడ్డారు. ఒకడు మాంసం కొట్టు బోయన్, తన పెళ్ళినాటి నల్ల సూటులో. రెండోవాడు ప్లంబరు రాద్కో, బూడిదరంగు సూటులో, నీలం టైతో. ఇద్దరికీ గడ్డాలు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకున్నారు.

దొంగ గురువు నాలుగు ఫోను నంబర్లు రాగం తీసి చదివి, "దేవుడు కలిపిన ఈ ఇద్దరినీ మునిసిపాలిటీ కూడా విడదీయకుండుగాక!" అన్నాడు. జనం అలవాటు ప్రకారం ఈలలు వేశారు.

ద్రాగోతినోవ్ గారు మేయరు వైపు వంగారు. "వీళ్ళెవరు?"

"పెళ్ళికొడుకు, పెళ్ళికూతురండీ."

"ఇందులో ఎవరు ఎవరు?"

"మెడలో సర్టిఫికెట్ వేలాడుతోంది చూడండి, ఆయన పెళ్ళికూతురు."

టీవీ అమ్మాయి మైకు పట్టుకుని దూసుకొచ్చింది. "మేయరు గారూ, ఇద్దరు మగవాళ్ళ పెళ్ళికి ధ్రువపత్రం ఇచ్చిన మొదటి మునిసిపాలిటీ మీదేనంటారా? ఇంత ధైర్యం ఎలా వచ్చింది?"

మేయరు గారి మీసం మొట్టమొదటిసారి ఏ అభిప్రాయమూ చెప్పలేదు.

ఇంతలో రాద్కో నేర్చుకున్న పాఠం ప్రకారం కెరానవ్వ దగ్గరికి నడిచి, తలగుడ్డ మీదికి చెయ్యి చాచాడు. ఆమె తనకు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకుంది.

"వద్దు నాయనా. నువ్వు రాద్కోవి. నా వంటింటి కొళాయి బాగుచేసేవాడివి."

"సర్టిఫికెట్ ఉందవ్వా!" అన్నాడు రాద్కో ఏడుపుమొహంతో.

"అయినా నువ్వు రాద్కోవే."

"పెళ్ళికూతురు మాట్లాడకూడదురా వెధవా!" అని వెనకనుంచి స్తామెన్ తాత అరిచాడు.

ద్రాగోతినోవ్ గారు కెమెరాకు టోపీ అడ్డం పెట్టి, పళ్ళ మధ్యనుంచి మాట్లాడారు. "చకరోవ్, పావుగంట టైమిస్తున్నా. నాకిక్కడ పెళ్ళికూతురు కనిపించాలి. గౌనుతో. ముసుగుతో. అసలు సిసలైన ఆడమనిషి. కనిపించకపోతే నువ్వూ నీ మీసమూ రేపణ్ణుంచి పార్టీలో ఉండరు."

మేయరు గారు జట్టు దగ్గరికి పరుగెత్తారు. "ఎవడో ఒకడు గౌను వేసుకోండ్రా! త్వరగా!"

"మేం సంతకాలు పెట్టాం కదండీ," అన్నాడు బోయన్. "ఎట్టి పరిస్థితుల్లోనూ అని రాయించారు."

"నేను చెబుతున్నాగా!"

"మీరు చెబుతారు. ఫిబ్రవరిలో కట్టెలెవరిస్తారు?"

"ఆడపిల్లను ఎవరినైనా..." అని మొదలుపెట్టారో లేదో, స్తామెన్ తాత చేతికర్ర ఆయన కాళ్ళకు అడ్డంగా పడింది. "ఆడది నా గంటల మధ్యకి రాదు. నన్ను చంపి తీసుకురా."

లాయరు గొంతు సవరించుకున్నాడు. "సంతకం పెట్టని మగవాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడండీ."

అందరూ మేయరు గారి వైపు చూశారు. కెరానవ్వ అందరికంటే ముందు చూసింది. ఇంకో ఏడాది నలుపు, గుమ్మంలో రొట్టె లేని మనవరాలు ఆమె కళ్ళముందు కదిలారు. తన భయం సంగతి ఆ క్షణాన మర్చిపోయి, మేయరు గారి చొక్కా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

గౌను ఆయన వీపు దగ్గర కలవలేదు. వెనక శాలువా కప్పి పిన్నులు పెట్టింది. సవరం కుదిరింది. ముసుగు కుదిరింది. ఇక మిగిలింది ఒకటే.

"వద్దవ్వా," అన్నారు మేయరు గారు రెండు చేతులతో మూతి మూసుకుని. "ముప్ఫై ఏళ్ళుగా ఉంది. మా ఆవిడ కూడా దాన్ని చూసే చేసుకుంది."

"చెయ్యి తియ్యి, ఎవ్లోగీ."

"ముసుగు కిందకు లాగితే కనపడదేమో!"

"ముసుగులోంచి బయటికి పొడుచుకొస్తోంది. పిల్లలు దడుచుకుంటారు. చెయ్యి తియ్యి."

స్పాస్ గడ్డం కత్తి ఇంకా కిటికీ పక్క అలమరలోనే ఉంది. చివరిసారి ఆయనకు ఆమే గీసింది, ఆసుపత్రి బండి వాకిట్లో ఉండగా. 'రేపు వచ్చేస్తాను కదే, ఇప్పుడెందుకు' అన్నాడు. ఆమె ఇప్పుడు ఎవ్లోగి మూతికి నురుగు పూసింది. మేయరు గారు కత్తి చూసి కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఈసారి ఆయనకు ఆలోచనలేవీ రాలేదు. మీసం రెండు ముక్కలుగా క్యాబేజీ గిన్నెలో పడింది.

దానికింద ఆ మనిషికి చిన్న, మెత్తని, భయపడిన నోరు ఉందని కెరానవ్వ అప్పుడు చూసింది. ఆయన భార్య కూడా చూసి ఉండదు. ఆమె నాలుగు పొరలు పౌడరు అద్ది, కనుబొమలు దిద్ది, బుగ్గలకు బీట్‌రూట్ రాసి, పెదాలకు ఎర్రరంగు పూసింది.

"నోరు మెదపకు. పొద్దుగూకేదాకా ఒక్క మాట కూడా. నువ్వు తప్పితే ఇంక నా గుడ్డ విప్పేవాళ్ళు ఎవరూ లేరు, ఈ ఏటికి."

మేయరు గారు తల ఊపారు. ఏ సభలోనూ ఆయన అంత బాగా విన్నది లేదు.

వాకిట్లోకి పెళ్ళికూతురు రాగానే గంటలన్నీ ఒక్కసారి మోగాయి. కొత్త పెళ్ళికూతురు మెల్లగా నడిచి కెరానవ్వ ముందు నిలబడి, చలికి ఎర్రబడ్డ వేళ్ళతో ఆమె గడ్డం కింది ముడి విప్పింది. నల్లగుడ్డ జారి మంచు మీద పడింది. కెరానవ్వ తెల్లజుట్టులోకి పది నెలల తర్వాత గాలి పోయింది. ఆమె ఏడవాలనుకుంది గానీ, ముందు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పెళ్ళికూతురు కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి. మీసం గురించే కావచ్చు.

ద్రాగోతినోవ్ గారు కుర్చీలోంచి లేచి టోపీ తీశారు. పెళ్ళికూతురు ఆచారం ప్రకారం తల వంచుకుని వెళ్ళి ఆయన చెయ్యి ముద్దు పెట్టుకుంది.

"ఇటు తిప్పు కెమెరా!" అన్నారాయన గద్గదంగా. "చూడండి! దీని కోసమే మా పార్టీ పోరాడుతున్నది. ఈ అణకువ చూడండి. ఈ సిగ్గు. మొహాన పౌడరు లేదు, పెదాన రంగు లేదు, అంతా పల్లె గాలి, పాలు, పెరుగు. ఇదీ సహజ స్త్రీత్వమంటే! నీ పేరేమిటి తల్లీ?"

పెళ్ళికూతురు ఆయన చెయ్యి మళ్ళీ ముద్దు పెట్టుకుంది.

"మాట్లాడదు కూడా!" అన్నారు ద్రాగోతినోవ్ గారు కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత అటూ ఇటూ చూశారు. "చకరోవ్ ఎక్కడ? ఇలాంటి ఆడబిడ్డ ఊళ్ళో ఉండగా ఆ గడ్డాలవాళ్ళను నా ముందు నిలబెడతాడా?"

మూడు వందల పన్నెండు మంది మగవాళ్ళు, అంతకంటే ఎక్కువమంది ఆడవాళ్ళు నేలచూపులు చూశారు. ఎలుగుబంటి దగ్గింది.

మేయరు గారు మర్నాటి నుంచి గొంతునొప్పి అని సెలవు పెట్టారు. దుప్పటి కళ్ళదాకా కప్పుకుని పడుకున్నారనీ, ఆఫీసు కాగితాలు తలుపు సందులోంచి లోపలికి తోయించుకుంటున్నారనీ టైపిస్టు చెప్పింది. నిబంధన మాత్రం యథాతథంగా ఉంది.

ఫిబ్రవరి మొదటి ఆదివారం కెరానవ్వ తలకు ఎర్రపూల గుడ్డ కట్టుకుని, రొట్టె చంకన పెట్టుకుని, మనవరాలి పెళ్ళికి వెళుతూ జిల్లా పట్నంలో బస్సు మారడానికి దిగింది. రొట్టె ఉందో లేదో మూడుసార్లు తడిమి చూసుకుంది. బస్టాపు గోడ పొడుగునా పార్టీ కొత్త పోస్టరు అంటించి ఉంది. నిలువెత్తు పెళ్ళికూతురు, తెల్ల ముసుగులో, కళ్ళలో నీళ్ళతో. కింద పెద్ద అక్షరాల్లో 'మన తల్లులు ఇలా ఉండేవారు. మన కూతుళ్ళు ఇలా ఉండాలి' అని రాసి ఉంది.

పక్కన బెంచీ మీద కూర్చున్న లావుపాటి ఆవిడ ఆ పోస్టరును ఎంతోసేపు చూసి నిట్టూర్చింది. "ఎంత కళగా ఉందమ్మా! ఈ కాలంలో ఇలాంటి పిల్లలున్నారంటే నమ్మలేం. ఏ ఊరిదో!"

"మా ఊరిదే," అంది కెరానవ్వ. ఎడమ కనుబొమ కాస్త వంకరగా వచ్చిందని ఆమెకు ఇప్పుడు కనిపించింది.

"అవునా! మా అన్నకొడుక్కి సంబంధం వెతుకుతున్నాం. పెళ్ళయిపోయిందా?"

"అయింది. మొన్న జనవరిలోనే. మొగుడికి మాంసం కొట్టుంది."

"మంచివాడేనా?"

బస్సు వచ్చింది. కెరానవ్వ రొట్టె ఎత్తుకుని లేచింది.

"మంచివాడేనంటుంది, అతని పెళ్ళాం."